పైబైండ్11 సమీక్ష: సీ++ ఎక్సెప్షన్ పైథాన్ గడప దాటేటప్పుడు

సీ++ లైబ్రరీని పైథాన్‌లోంచి వాడుకోవాలంటే ఈరోజు చాలామంది మొదట తీసుకునేది పైబైండ్11నే. వెంజెల్ జాకబ్ 2015లో మొదలుపెట్టిన ఈ హెడర్-ఓన్లీ (విడిగా కంపైల్ చేయక్కర్లేని, హెడర్ ఫైళ్లు మాత్రమే ఉన్న) లైబ్రరీ 2025 జూలైలో 3.0 వెర్షన్‌కి వచ్చింది. క్లాసులు ఎలా బైండ్ చేయాలి, నంపై అర్రేలు ఎలా పంపాలి అన్నదాని మీద ట్యుటోరియల్స్‌కి కొదవ లేదు. ఎర్రర్ వస్తే ఏమవుతుందన్నది మాత్రం చాలా ప్రాజెక్టుల్లో రిలీజ్ అయ్యాకే గుర్తొస్తుంది. అందుకే ఈ సమీక్ష ఆ ఒక్క కోణానికే: సీ++ లోపల పుట్టిన ఎక్సెప్షన్ (ఎర్రర్ కబురుని పైకి మోసుకెళ్లే ఆబ్జెక్ట్) పైథాన్‌లో ఏ రూపంలో తేలుతుంది, పైథాన్‌లో పుట్టినది సీ++ మీదుగా వెళ్లి క్షేమంగా తిరిగొస్తుందా. పోలిక కోసం ఇలాంటి పనే చేసే సైథాన్, రస్ట్ భాష వాళ్ల పైఓ3 కూడా చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఎక్సెప్షన్ల విషయంలో పైబైండ్11కి ఐదుకి నాలుగు. బైండ్ చేసిన ఏ ఫంక్షన్‌లోంచి ఏది త్రో అయి బయటికొచ్చినా ప్రాసెస్ కూలకుండా పైథాన్ వైపు ఏదో ఒక ఎక్సెప్షన్‌గా దింపుతుంది. అది సరైన ఎక్సెప్షన్‌గా, సరైన వివరాలతో దిగాలంటే మాత్రం ముందుగా ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఆ పద్ధతిని టూల్ నేర్పదు. డాక్యుమెంటేషన్‌లో ముక్కలు ముక్కలుగా ఉంది.

కింద రన్‌టైమ్ ఏం చేస్తుంది

సీపైథాన్, అంటే మనం మామూలుగా వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్, సీలో రాసింది, సీలో ఎక్సెప్షన్లు లేవు. వాటి బదులు ప్రతి థ్రెడ్‌కీ ఒక ఎర్రర్ ఇండికేటర్ ఉంటుంది. ఎర్రర్ వచ్చిన ఫంక్షన్ రెండు పనులు చేయాలి: ఆ ఇండికేటర్‌లో ఎక్సెప్షన్ పెట్టాలి, నల్ గానీ -1 గానీ రిటర్న్ చేయాలి. పిలిచినవాడు రిటర్న్ విలువ చూసి, తన రిఫరెన్సులు వదిలేసి, తనూ అలాగే వెనక్కి వెళ్లాలి. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండోది మరిస్తే సిస్టమ్ఎర్రర్ వస్తుంది. నల్ ఇచ్చి ఇండికేటర్ సెట్ చేయకపోతే "రిటర్న్‌డ్ నల్ వితౌట్ సెట్టింగ్ యాన్ ఎక్సెప్షన్" అంటుంది. మామూలు విలువ ఇచ్చి ఇండికేటర్‌ని సెట్ అయిన స్థితిలోనే వదిలేస్తే "రిటర్న్‌డ్ ఎ రిజల్ట్ విత్ యాన్ ఎక్సెప్షన్ సెట్" అంటుంది. మీ ఎక్స్‌టెన్షన్ లాగుల్లో ఈ రెండు వాక్యాల్లో ఏది కనిపించినా, తప్పు పైథాన్ కోడ్‌లో వెతకడం దండగ.

రెండో రకం ప్రమాదకరం, ఎందుకంటే అన్నిసార్లూ వెంటనే పట్టుబడదు. పైలాంగ్_యాజ్‌లాంగ్ ఉదాహరణ చూడండి. పైథాన్ పూర్ణాంకాన్ని సీ లాంగ్‌గా మారుస్తుంది, కుదరకపోతే -1 ఇస్తుంది. కానీ యూజర్ నిజంగానే -1 పంపి ఉండొచ్చు. కాబట్టి -1 వచ్చినప్పుడు పైఎర్_అకర్డ్ పిలిచి చూడాల్సిందే. చూడకపోతే ఓవర్‌ఫ్లోఎర్రర్ ఇండికేటర్‌లో నిద్రపోతూ ఉంటుంది. దానికేమాత్రం సంబంధం లేని ఇంకో చోట, ఇంకో ఫంక్షన్ పేరు మీద బయటపడుతుంది. పైడిక్ట్_గెట్‌ఐటమ్ దీనికి తిరగేసిన తప్పు చేస్తుంది: లోపల వచ్చిన ఎర్రర్లన్నీ మింగేసి "కీ లేదు" అన్నట్టు నల్ ఇస్తుంది. పాత కోడ్‌లో ఇది కనిపిస్తే "విత్‌ఎర్రర్" రూపానికి మార్చండి. పైథాన్ 3.13 నుంచి పైడిక్ట్_గెట్‌ఐటమ్‌రెఫ్ ఉంది. దొరికితే 1, లేకపోతే 0, ఎర్రర్ అయితే -1 ఇస్తుంది, అనుమానానికి తావు లేదు.

ఇంకో మార్పు కూడా తెలిసుండాలి. పైథాన్ 3.11 వరకు ఇండికేటర్‌లో టైప్, వాల్యూ, ట్రేస్‌బ్యాక్ అని మూడు ముక్కలుండేవి. 3.12 నుంచి ఒక్క ఎక్సెప్షన్ ఆబ్జెక్టే. పాత ఫెచ్, రిస్టోర్ జంట డెప్రికేట్ అయింది. వాటి స్థానంలో గెట్‌రైజ్డ్‌ఎక్సెప్షన్, సెట్‌రైజ్డ్‌ఎక్సెప్షన్ వచ్చాయి. చేతితో రాసిన డీఅలాక్ (ఆబ్జెక్ట్ చనిపోయేటప్పుడు నడిచే) ఫంక్షన్లలో ఈ జంట తప్పనిసరి: ఒక ఎక్సెప్షన్ పైకి వెళ్తుండగానే ఆబ్జెక్టులు చస్తుంటాయి కదా. డీఅలాక్ లోపల పైథాన్ కోడ్ నడిస్తే, ముందు ఇండికేటర్‌ని దాచి చివర్లో తిరిగి పెట్టాలి. లేదంటే అసలు ఎర్రర్ దారిలోనే పోతుంది.

పైబైండ్11 ఈ భారంలో ఎంత మోస్తుంది

చాలా భాగం మోస్తుంది. డెఫ్‌తో బైండ్ చేసిన ప్రతి ఫంక్షనూ ఒకే డిస్పాచర్ గుండా పోతుంది. అక్కడే అన్ని ఎక్సెప్షన్లనీ పట్టుకునే క్యాచ్ ఉంది. మీరు ఏదీ ప్రకటించకపోయినా సీ++ ఎక్సెప్షన్ ఆ గీత దాటి సీపైథాన్ ఫ్రేముల్లోకి పోదు. ఈ టూల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. మర్చిపోవడానికి అవకాశం లేని చోట పెట్టారు.

డిఫాల్ట్ పట్టిక ఇలా ఉంటుంది. అవుట్_ఆఫ్_రేంజ్ వస్తే ఇండెక్స్ఎర్రర్, బ్యాడ్_అలాక్ వస్తే మెమరీఎర్రర్, ఓవర్‌ఫ్లో_ఎర్రర్ వస్తే ఓవర్‌ఫ్లోఎర్రర్. ఇన్వాలిడ్_ఆర్గ్యుమెంట్, డొమైన్_ఎర్రర్, లెంత్_ఎర్రర్, రేంజ్_ఎర్రర్ నాలుగూ వాల్యూఎర్రర్ అవుతాయి. మిగతా ఎస్‌టీడీ (సీ++ ప్రామాణిక లైబ్రరీ) ఎక్సెప్షన్ సంతతి అంతా రన్‌టైమ్ఎర్రర్. ఆ సంతతి కానిది త్రో చేస్తే, అంటే పూర్ణాంకమో స్ట్రింగో త్రో చేసే పాత లైబ్రరీలైతే, "కాట్ యాన్ అన్‌నోన్ ఎక్సెప్షన్!" అన్న సందేశంతో రన్‌టైమ్ఎర్రర్. ఆ సందేశంలో పనికొచ్చే సమాచారం సున్నా. అలాంటి లైబ్రరీకి మీ సొంత ట్రాన్స్‌లేటర్, అంటే సీ++ ఎక్సెప్షన్‌ని పైథాన్ ఎక్సెప్షన్‌గా మార్చే ఫంక్షన్, రాయక తప్పదు.

కీఎర్రర్, టైప్ఎర్రర్, స్టాప్‌ఇటరేషన్ లాంటివి కావాలంటే పైబైండ్11 సొంత క్లాసులు కీ_ఎర్రర్, టైప్_ఎర్రర్, స్టాప్_ఇటరేషన్ త్రో చేయాలి. ఇవి బైండింగ్ ఫైల్లోనే వాడండి. కోర్ లైబ్రరీలోకి పైబైండ్11 హెడర్ లాగారంటే, రేపు ఆ లైబ్రరీని పైథాన్ లేని చోట వాడుకోవాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది.

సొంత ఎక్సెప్షన్: ఇక్కడే ఒక మార్కు పోయింది

ఒక సాల్వర్ లైబ్రరీ ఉందనుకుందాం. సీ++లో సాల్వర్‌ఎర్రర్ క్లాస్, దానిలో సందేశంతో పాటు కోడ్ అనే పూర్ణాంకం, ఎన్నో ఇటరేషన్‌లో ఆగిందన్న సంఖ్య. రిజిస్టర్_ఎక్సెప్షన్ అని ఒక్క లైను రాస్తే పైథాన్‌లో ఆ పేరుతో ఎక్సెప్షన్ తయారవుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ దాటేది ఎక్సెప్షన్ సందేశం చెప్పే 'వాట్' అనే ఫంక్షన్ ఇచ్చే స్ట్రింగ్ ఒక్కటే. కోడ్, ఇటరేషన్ రెండూ గడపకి అవతలే ఉండిపోతాయి. తర్వాత పైథాన్ వైపు ఎవరో ఒకరు సందేశంలోంచి రెగెక్స్‌తో కోడ్ ఏరుకోవడం మొదలుపెడతారు. ఏడాది తర్వాత ఇంకెవరో సందేశంలో ఒక మాట మారుస్తారు, అది విరుగుతుంది.

వివరాలు దాటించాలంటే ట్రాన్స్‌లేటర్ చేతితో రాయాలి. నేను సిఫారసు చేసే పద్ధతి ఇది. ఎక్సెప్షన్ క్లాసుల్ని సీ++లో పుట్టించొద్దు, ప్యాకేజీలో ఎర్రర్స్ అనే మామూలు పైథాన్ ఫైల్లో రాయండి. ముందు ఒక బేస్ క్లాస్, దాని కింద మిగతావి. ఏ క్లాస్‌కైనా బేస్‌తో పాటు వాల్యూఎర్రర్ లాంటి బిల్టిన్‌ని కూడా తల్లిగా పెట్టొచ్చు. అప్పుడు వాల్యూఎర్రర్ పట్టుకునే పాత యూజర్ కోడ్ కూడా చెడదు. మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు సీ++ వైపు నుంచి ఆ ఫైల్‌ని ఇంపోర్ట్ చేసి, క్లాస్‌ని గిల్_సేఫ్_కాల్_వన్స్_అండ్_స్టోర్ అనే స్టాటిక్ పాత్రలో పెట్టండి. స్టాటిక్ ఎందుకంటే, పైబైండ్11 ట్రాన్స్‌లేటర్‌ని ఉత్త ఫంక్షన్ పాయింటర్‌గా తీసుకుంటుంది. క్యాప్చర్ ఉన్న లాంబ్డా ఇస్తే కంపైలే కాదు. ఈ ఎర్రర్ సందేశం చూసి తల పట్టుకునేవాళ్లు చాలామంది.

ట్రాన్స్‌లేటర్ లోపల: ట్రై పెట్టి, అందిన ఎక్సెప్షన్ పాయింటర్‌ని రీత్రో చేయండి. సాల్వర్‌ఎర్రర్‌ని కాన్స్ట్ రిఫరెన్స్‌గా క్యాచ్ చేయండి. దాచిన పైథాన్ క్లాస్‌ని సందేశం, కోడ్, ఇటరేషన్‌లతో పిలిచి ఆబ్జెక్ట్ తయారుచేయండి. 2.12 నుంచి ఉన్న సెట్_ఎర్రర్‌కి క్లాస్, ఆబ్జెక్ట్ రెండూ ఇవ్వండి. అంతే. రెండు జాగ్రత్తలు: మీకు సంబంధించని ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేయకండి, వదిలేస్తే తర్వాతి ట్రాన్స్‌లేటర్‌కి వెళ్తుంది. క్యాచ్ చేసి సెట్_ఎర్రర్ పిలవడం మరిస్తే పైన చెప్పిన సిస్టమ్ఎర్రరే గతి.

సర్క్యులర్ ఇంపోర్ట్ భయం వద్దు. ప్యాకేజీ ఇనిట్ ఫైల్ ఎక్స్‌టెన్షన్‌ని ఇంపోర్ట్ చేస్తుంది, ఎక్స్‌టెన్షన్ ఎర్రర్స్ ఫైల్‌ని ఇంపోర్ట్ చేస్తుంది. ఎర్రర్స్ ఫైల్ మాత్రం తిరిగి ఎక్స్‌టెన్షన్ వైపు చూడకూడదు, అంతవరకూ చాలు.

పైథాన్‌లో రాయడం వల్ల ఇంకో లాభం పికిల్, అంటే ఆబ్జెక్ట్‌ని బైట్లుగా మార్చి మళ్లీ తెరవడం. మల్టీప్రాసెసింగ్ వర్కర్‌లో వచ్చిన ఎక్సెప్షన్ పికిల్ అయ్యే తల్లి ప్రాసెస్‌కి చేరుతుంది. ఇక్కడ ఒక లోతైన గుంట ఉంది: ఇనిట్ సందేశం, కోడ్ రెండూ తీసుకుని, సూపర్‌కి సందేశం ఒక్కటే పంపిస్తే, ఆర్గ్స్‌లో సందేశం ఒక్కటే మిగులుతుంది. అన్‌పికిల్ అప్పుడు క్లాస్‌ని ఒక్క ఆర్గ్యుమెంట్‌తో పిలుస్తుంది, కోడ్ లేదని టైప్ఎర్రర్ వస్తుంది, అసలు ఎర్రర్ కనబడదు. కోడ్‌కి డిఫాల్ట్‌గా నన్ పెట్టండి. ఆబ్జెక్ట్ డిక్షనరీ కూడా పికిల్‌తో పాటే వస్తుంది కాబట్టి అన్‌పికిల్ అయ్యాక అసలు కోడ్ తిరిగి కూర్చుంటుంది.

ఇంపోర్ట్ వరసని బట్టి మారే ఎర్రర్

ట్రాన్స్‌లేటర్లు రిజిస్టర్ చేసిన వరసకి తిరగేసిన వరసలో నడుస్తాయి. మామూలుగా రిజిస్టర్ చేసినవి గ్లోబల్, అంటే అదే ప్రాసెస్‌లో ఉన్న ఇతర పైబైండ్11 మాడ్యూళ్లకీ వర్తిస్తాయి. ఒక మాడ్యూల్ ఇన్వాలిడ్_ఆర్గ్యుమెంట్‌కి తన సొంత ఎక్సెప్షన్ ఇస్తానని గ్లోబల్‌గా రిజిస్టర్ చేసిందనుకోండి. దాన్ని ఇంపోర్ట్ చేసిన క్షణం నుంచి పక్క మాడ్యూల్ వాల్యూఎర్రర్లు కూడా వేరే పేరుతో రావడం మొదలవుతాయి. ఇంపోర్ట్ వరస మారితే ఫలితం మారుతుంది. ఫార్మాటర్ ఒకటి ఇంపోర్ట్ లైన్లని అక్షరక్రమంలో పేర్చినందుకు టెస్టులు ఫెయిలయ్యే పరిస్థితి ఇది.

2.8 నుంచి దీనికి మందు ఉంది: రిజిస్టర్_లోకల్_ఎక్సెప్షన్_ట్రాన్స్‌లేటర్. లోకల్‌వి ఆ మాడ్యూల్‌కే పరిమితం, గ్లోబల్ వాటికన్నా ముందు నడుస్తాయి. డిఫాల్ట్‌గా లోకల్ వాడండి. మీ సొంత క్లాస్‌కి, అదీ మీవే రెండు మూడు మాడ్యూళ్లు దాన్ని పంచుకుంటున్నప్పుడు మాత్రమే గ్లోబల్ వాడండి. ఎస్‌టీడీ క్లాసులకి గ్లోబల్ ట్రాన్స్‌లేటర్ రాయడం అంటే పక్కింటి గుమ్మానికి మన తాళం వేయడమే.

పంచుకునే మాడ్యూళ్లన్నీ ఒకే పైబైండ్11 వెర్షన్‌తో బిల్డ్ చేయండి. ఇంటర్నల్స్ వెర్షన్ వేరైతే గ్లోబల్ ట్రాన్స్‌లేటర్ల పట్టిక కూడా వేరైపోతుంది. ఒక మాడ్యూల్ 2.x, ఇంకోటి 3.0 అయితే అదే జరుగుతుంది, ఎక్కడా హెచ్చరిక రాదు.

మ్యాక్‌లో ఇంకో చిక్కు. పైబైండ్11 మాడ్యూళ్లు హిడెన్ విజిబిలిటీతో కంపైల్ అవుతాయి. ఎక్సెప్షన్ క్లాస్ కూడా హిడెన్ అయిపోతే, కోర్ డైలిబ్‌లో ఉన్న టైప్ సమాచారం, బైండింగ్ మాడ్యూల్‌లో ఉన్నది రెండు వేరు వేరు ప్రతులవుతాయి. క్యాచ్‌కి అవి ఒకటే అని తెలియదు. లక్షణం ఎప్పుడూ ఒకటే: లైనక్స్‌లో సాల్వర్‌ఎర్రర్, మ్యాక్‌లో అదే టెస్ట్‌కి రన్‌టైమ్ఎర్రర్. మందు: క్లాస్‌కి డిఫాల్ట్ విజిబిలిటీ ఇవ్వండి (పైబైండ్11_ఎక్స్‌పోర్ట్_ఎక్సెప్షన్ అనే మాక్రో దీనికే ఉంది), డిస్ట్రక్టర్‌ని హెడర్‌లో కాకుండా కోర్ లైబ్రరీ సోర్స్ ఫైల్లో రాయండి. అప్పుడు టైప్ సమాచారం ఒక్క చోటే పుడుతుంది.

పైథాన్ కాల్‌బ్యాక్ తిరుగు ప్రయాణం

యూజర్ ఇచ్చిన పైథాన్ ఫంక్షన్‌ని సీ++ పిలిచింది, దానిలో ఎక్సెప్షన్ వచ్చింది. పైబైండ్11 దాన్ని ఎర్రర్_ఆల్రెడీ_సెట్ అనే సీ++ ఎక్సెప్షన్‌గా మార్చి త్రో చేస్తుంది. అది డిస్పాచర్ దాకా చేరితే అసలు పైథాన్ ఎక్సెప్షన్ ట్రేస్‌బ్యాక్‌తో సహా తిరిగొస్తుంది. ఇంతవరకు పని చక్కగా ఉంది.

సమస్య మధ్యలో. ఎర్రర్_ఆల్రెడీ_సెట్ కూడా ఎస్‌టీడీ ఎక్సెప్షన్ సంతతే. కోర్ లైబ్రరీలో ఎక్కడో "ఎక్సెప్షన్ వస్తే లాగ్ చేసి మళ్లీ ప్రయత్నించు" అని రాసి ఉంటే, యూజర్ టైప్ఎర్రర్‌ని, ఆఖరికి కంట్రోల్-సీ నొక్కితే వచ్చిన కీబోర్డ్‌ఇంటరప్ట్‌ని కూడా అది మింగేస్తుంది. ప్రోగ్రామ్ ఆగదు, ఎందుకు ఆగట్లేదో తెలియదు. కోర్ లైబ్రరీకి పైథాన్ సంగతి తెలియకూడదు అనుకుంటే (తెలియకూడదు కూడా), బైండింగ్ ఫైల్లో కాల్‌బ్యాక్‌ని చుట్టే పొర రాయండి: ఎక్సెప్షన్ వస్తే దాన్ని కరెంట్_ఎక్సెప్షన్‌తో పాయింటర్‌లో దాచి, లైబ్రరీకి "ఆపు" అన్న స్టేటస్ ఇవ్వండి. లైబ్రరీ బయటికి వచ్చాక పాయింటర్‌లో ఏదైనా ఉంటే రీత్రో చేయండి.

మధ్యలో సీ లైబ్రరీ ఉంటే ఇదొక్కటే దారి. క్యూసార్ట్ కాల్‌బ్యాక్‌లోంచో, ఎస్‌క్యూలైట్ కాల్‌బ్యాక్‌లోంచో సీ++ ఎక్సెప్షన్ బయటికి పోనివ్వకండి. ఆ ఫ్రేముల్ని అన్‌వైండ్ చేయడానికి పట్టికలు లేకపోతే ప్రాసెస్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పట్టికలు ఉన్నా ఆ లైబ్రరీ తీసుకున్న లాకులు, మెమరీ వదిలేవాళ్లుండరు. యూజర్ డేటా పాయింటర్‌లో దాచిపెట్టడం, ఎర్రర్ కోడ్ ఇవ్వడం, కాల్ ముగిశాక రీత్రో చేయడం: ఈ మూడూ కంఠతా ఉండాల్సినవి.

పైథాన్ ఎక్సెప్షన్ పట్టుకుని మీ సొంతది రైజ్ చేయాలంటే రైజ్_ఫ్రమ్ వాడండి, 2.8 నుంచి ఉంది. అసలు కారణం కాజ్‌గా అంటుకుని ట్రేస్‌బ్యాక్‌లో రెండూ కనిపిస్తాయి.

డిస్ట్రక్టర్ల విషయం వేరు. సీ++11 నుంచి అవి డిఫాల్ట్‌గా నోఎక్సెప్ట్, అంటే వాటిలోంచి ఎక్సెప్షన్ బయటికి రాకూడదు. లోపల పైథాన్ కోడ్ పిలిచి ఎర్రర్_ఆల్రెడీ_సెట్ బయటికి పోనిస్తే టెర్మినేట్. అక్కడే పట్టుకుని డిస్కార్డ్_యాజ్_అన్‌రైజబుల్ పిలవండి. ఎర్రర్ స్టాండర్డ్ ఎర్రర్‌లో కనిపిస్తుంది, పని సాగుతుంది.

గిల్, థ్రెడ్లు, కంట్రోల్-సీ

గిల్ అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం. కాల్_గార్డ్‌తో గిల్ వదిలి నడిపే ఫంక్షన్‌లో సీ++ ఎక్సెప్షన్ వస్తే కంగారు అక్కర్లేదు. అన్‌వైండ్ అయ్యేటప్పుడే గార్డ్ డిస్ట్రక్టర్ గిల్‌ని తిరిగి తీసుకుంటుంది, ట్రాన్స్‌లేటర్ నడిచేసరికి గిల్ చేతిలో ఉంటుంది. అదే గిల్ లేని భాగంలో పైఎర్_సెట్‌స్ట్రింగ్ నేరుగా పిలిస్తే క్రాష్. గిల్ లేని చోట ఎస్‌టీడీ ఎక్సెప్షన్లే త్రో చేయండి, అనువాదం గడప దగ్గర జరగనివ్వండి.

ఎస్‌టీడీ థ్రెడ్‌లో త్రో అయిన ఎక్సెప్షన్‌ని ఆ థ్రెడ్ ఫంక్షన్‌లోనే పట్టుకోకపోతే ప్రాసెస్ మొత్తం టెర్మినేట్ అవుతుంది. డిస్పాచర్ కాపాడలేదు, అది వేరే థ్రెడ్‌లో ఉంది. ఎర్రర్ ఇండికేటర్ కూడా థ్రెడ్‌కొకటి కాబట్టి వర్కర్‌లో సెట్ చేసింది పిలిచిన థ్రెడ్‌కి కనబడదు. ఎసింక్ వాడి ఫ్యూచర్ మీద గెట్ పిలవండి, ఎక్సెప్షన్ దానితో పాటే వస్తుంది.

నిమిషాల తరబడి తిరిగే లూప్‌లో పైఎర్_చెక్‌సిగ్నల్స్ పిలవకపోతే కంట్రోల్-సీ పనిచేయదు. సున్నా కానిది వస్తే ఎర్రర్_ఆల్రెడీ_సెట్ త్రో చేయండి. ప్రతి ఇటరేషన్‌కీ వద్దు, కొన్ని వేలకొకసారి చాలు. దానికి గిల్ కావాలి, వదిలి ఉంటే ఆ క్షణానికి తీసుకోవాలి. సిగ్నల్ హ్యాండ్లర్ మెయిన్ థ్రెడ్‌లోనే నడుస్తుందని గుర్తుంచుకోండి.

సైథాన్‌తో పోలిస్తే

సైథాన్‌లో అనువాదం కావాలంటే ప్రతి సీ++ ఫంక్షన్ డిక్లరేషన్ చివర "ఎక్సెప్ట్ +" రాయాలి. రెండొందల ఫంక్షన్లలో ఒక్కదానికి మరిచారా, ఆ ఒక్కటి త్రో చేసిన రోజు ప్రాసెస్ అబార్ట్, పైథాన్ ట్రేస్‌బ్యాక్ ఉండదు. పైబైండ్11 దగ్గర ఈ తప్పు చేయడం సాధ్యమే కాదు. తేడా అక్కడుంది.

పట్టికలు కూడా ఒకటి కావు. రేంజ్_ఎర్రర్ పైబైండ్11లో వాల్యూఎర్రర్ అయితే సైథాన్‌లో అరిథ్‌మెటిక్ఎర్రర్. ఒక టూల్ నుంచి ఇంకోదానికి మారే ప్రాజెక్టులు దీన్ని టెస్టుల్లో పట్టుకోకపోతే యూజర్లు పట్టుకుంటారు.

సైథాన్ 3.0 (2023) మాత్రం పెద్ద మేలు చేసింది. అంతకుముందు సీడెఫ్ ఫంక్షన్ (సైథాన్‌లో సీ ఫంక్షన్‌లా రాసేది) పూర్ణాంకం రిటర్న్ చేస్తే, "ఎక్సెప్ట్ -1" లాంటిది రాయకపోతే లోపలి ఎక్సెప్షన్ పైకి వెళ్లేది కాదు, స్క్రీన్ మీద హెచ్చరికలా అచ్చయి పోయేది, లెక్క 0తో సాగిపోయేది. ఇప్పుడు డిఫాల్ట్‌గా పైకి వెళ్తుంది, వద్దంటే నోఎక్సెప్ట్ రాయాలి. అప్‌గ్రేడ్ చేసినప్పుడు రెండు చోట్ల పని పడుతుంది. సీ లైబ్రరీకి ఇచ్చే కాల్‌బ్యాక్‌లకి నోఎక్సెప్ట్ పెట్టాలి, లేకపోతే టైపులు కుదరవని కంపైలర్ ఆపేస్తుంది. గిల్ లేకుండా నడిచే వాయిడ్ ఫంక్షన్లైతే ప్రతి కాల్ తర్వాతా ఎర్రర్ ఉందేమో చూడ్డానికి గిల్ తీసుకుంటాయి, లోపలి లూప్ నెమ్మదిస్తుంది. అలాంటివి పూర్ణాంకం రిటర్న్ చేసేలా మార్చడం మంచిది.

పైఓ3

కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టుకి, రస్ట్ తెలిసిన చేతులుంటే, ఎక్సెప్షన్ల కోణంలో పైఓ3 ముందుంది. రస్ట్‌లో ఎర్రర్ అనేది రిటర్న్ టైపులోనే ఉంటుంది, పట్టించుకోకపోతే కంపైలర్ ఊరుకోదు. మీ ఎర్రర్ టైప్ నుంచి పైఎర్‌కి ఒక్క ఫ్రమ్ ఇంప్లిమెంటేషన్ రాస్తే, ప్రశ్నార్థకం గుర్తుతో మిగతా అంతా దానంతటదే జరుగుతుంది. అనువాదమంతా ఆ ఒక్క చోటే ఉండిపోతుంది. ఐఓ ఎర్రర్లని రకాన్ని బట్టి ఫైల్‌నాట్‌ఫౌండ్ఎర్రర్, పర్మిషన్ఎర్రర్‌లుగా తనే మారుస్తుంది. పైథాన్ ఫైల్లో రాసిన క్లాస్‌ని తెచ్చుకోవడానికి ఇంపోర్ట్_ఎక్సెప్షన్ మాక్రో సిద్ధంగా ఉంది. పైన చెప్పిన పద్ధతి ఇక్కడ ఒక్క లైను.

లోపాలూ ఉన్నాయి. వేరే క్రేట్‌లో, అంటే వేరే రస్ట్ ప్యాకేజీలో ఉన్న ఎర్రర్ టైప్‌కి నేరుగా ఫ్రమ్ రాయలేరు, ఆర్ఫన్ రూల్ అడ్డొస్తుంది, మీ సొంత టైపులో చుట్టాలి. క్రియేట్_ఎక్సెప్షన్‌తో క్లాస్ తయారుచేసి మాడ్యూల్‌కి యాడ్ చేయడం మరిస్తే, ఎక్సెప్షన్ వస్తుంది కానీ యూజర్ దాన్ని ఇంపోర్ట్ చేసి పట్టుకోలేడు. ఎనీహౌ (రస్ట్‌లో అన్ని ఎర్రర్లనీ ఒకే టైపులో చుట్టే లైబ్రరీ) ఫీచర్ ఆన్ చేసి వదిలేస్తే దాదాపు అన్నీ రన్‌టైమ్ఎర్రర్ అయిపోతాయి. ఇక ప్యానిక్: అన్‌వ్రాప్ విఫలమైతే వచ్చే ప్యానిక్‌ఎక్సెప్షన్ బేస్‌ఎక్సెప్షన్ నుంచి పుట్టింది, ఎక్సెప్షన్ నుంచి కాదు. అందుకే "ఎక్సెప్ట్ ఎక్సెప్షన్" అని రాసిన వెబ్ సర్వర్ హ్యాండ్లర్ దాన్ని పట్టుకోదు. ఇది కావాలని చేసిన నిర్ణయం, నా దృష్టిలో సరైనదే: ప్యానిక్ అంటే బగ్, దాన్ని దాచకూడదు. కార్గో ప్రొఫైల్‌లో ప్యానిక్‌ని అబార్ట్‌గా పెట్టి ఉంటే మాత్రం ఎక్సెప్షన్ ప్రసక్తే ఉండదు, ఇంటర్‌ప్రెటర్ మొత్తం పోతుంది. రిలీజ్ ప్రొఫైల్ ఒకసారి తెరిచి చూసుకోండి.

ఎవరు ఏది తీసుకోవాలి, ఎలా పరీక్షించాలి

చేతిలో పెద్ద సీ++ లైబ్రరీ ఉంటే పైబైండ్11, మరో ఆలోచన వద్దు. 2.12 గానీ అంతకన్నా కొత్తది గానీ తీసుకోండి. సైథాన్‌లో ఇప్పటికే ఉంటే 3.x కి మారండి, అంతే తప్ప ఎక్సెప్షన్ల కోసం టూల్ మార్చక్కర్లేదు. ఉత్త సీ ఏపీఐతో కొత్త ఎక్స్‌టెన్షన్ రాయడానికి నేను ఎవరినీ ప్రోత్సహించను.

ఏది తీసుకున్నా టెస్టుల్లో ఇవి ఉండాలి. ప్రతి ఎక్సెప్షన్ క్లాస్‌నీ ఒకసారి రైజ్ చేయించి టైప్, సందేశం, కోడ్ మూడూ చూడండి. దాన్ని పికిల్ చేసి తిరిగి తెరవండి. పైథాన్ కాల్‌బ్యాక్‌లో కీబోర్డ్‌ఇంటరప్ట్ రైజ్ చేసి అదే తిరిగొస్తుందో లేదో చూడండి. ఇదే టెస్టుల్ని లైనక్స్‌తో పాటు మ్యాక్‌లోనూ, మాడ్యూళ్లని రెండు వరసల్లో ఇంపోర్ట్ చేసీ నడపండి. సీఐలో ఒక జాబ్ సీపైథాన్ డీబగ్ బిల్డ్ మీద నడిపితే ఇండికేటర్ తప్పులు త్వరగా బయటపడతాయి. ఫాల్ట్‌హ్యాండ్లర్ ఆన్‌లో ఉంచితే క్రాష్ అయినా ఏ పైథాన్ లైన్‌లో ఉన్నామో తెలుస్తుంది. డిస్ట్రక్టర్లలో మింగిన ఎర్రర్ల కోసం పైటెస్ట్ ఉంది: 6.2 నుంచి అన్‌రైజబుల్ ఎక్సెప్షన్లని వార్నింగ్‌గా చూపిస్తోంది. ఆ వార్నింగ్‌ని కాన్ఫిగ్‌లో ఎర్రర్‌గా మార్చేయండి, అప్పుడు స్క్రీన్ మీద మెరిసి మాయమయ్యే ఆ రెండు లైన్లు బిల్డ్‌నే ఆపుతాయి.